నిలవ ఉల్లికి సెంటు నేల చాలు

కర్నూలు జిల్లా పేరు చెప్పగానే ఇతర జిల్లాల వారికి ముందుగా గుర్తుకు వచ్చేది ఉల్లిగడ్డ. కానీ ఎండాకాలం నడిమి నుంచి మన పల్లెల కిరాణా కొట్లలో గంపలకెత్తిన ఉల్లి ఎక్కువ భాగం మహారాష్ట్ర నుంచి వచ్చినదే. ఎకరాలకొద్దీ ఉల్లి పండించిన ఇంటి ఇల్లాలు కూడా జూన్, జూలైలో కిలో, అరకిలో లెక్కన దానినే కొని తెచ్చుకొనవలసి వస్తున్నది.

దీనికి కారణం రైతు నిర్లక్ష్యం కాదు. మన జిల్లాలో ప్రధానంగా పండేది వానాకాలపు ఉల్లి. జూన్, జూలైలో విత్తి, వానలు పడుతూ ఉండగానే పెరికే పంట. గడ్డలో నీరు ఎక్కువ, మెడ లావు, ఆరబెట్టుకుందామంటే ఎండ ఉండదు. నెల తిరిగేసరికి మెత్తబడే సరుకును ఎవరు మాత్రం ఇంట పెట్టుకోగలరు? వచ్చిన ధరకు అమ్మక తప్పదు. 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కర్నూలు యార్డులో ధర పడిపోయి, క్వింటాలు 1,200 రూపాయల చొప్పున మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వమే కొనవలసి వచ్చింది. అంతకు ఆరేళ్ల ముందు, 2019 చివర, బయట కిలో నూరు రూపాయలు దాటగా, రైతుబజార్ల ముందు 25 రూపాయల ఉల్లి కోసం జనం బారులు తీరారు. అమ్మేటప్పుడు చౌక, కొనేటప్పుడు ప్రియం.

యార్డులోని ధరను మనం మార్చలేము. వంటింటి ఉల్లిని మాత్రం పెరట్లో పండించుకోవచ్చు. అందుకు రబీ ఉల్లి వేయాలి. మహారాష్ట్ర రైతు ఏప్రిల్‌లో తీసి నెలల తరబడి దాచి అమ్మేది ఈ పంటనే.

ఒక సెంటు నేలలో, పంట సరిగా వస్తే, 80 కిలోలకు తక్కువ కాకుండా గడ్డ వస్తుంది. వారానికి రెండు కిలోలు వాడే ఇంటికి ఆరు నెలలకు యాభై కిలోలు పైచిలుకు కావాలి. ఎండి తగ్గేది, కుళ్లి పోయేది మూడో వంతు తీసివేసినా సరిపోతుంది. అయితే నీటి సంగతి ముందే చెప్పాలి. సెంటు నేలకు ఒక్క తడికి నూరు బిందెల నీరు పడుతుంది. కుళాయి దగ్గర బిందెలతో మోసుకునేవారు సెంటు వేయబోరాదు, పావు సెంటుతో సరిపెట్టుకోవాలి. బోరు ఉన్న రైతు ఊళ్లో పెరడు లేకపోయినా చేను మూలన వేసుకోవచ్చు.

సెంటుకు 30 గ్రాముల విత్తనం, నులక మంచమంత నారుమడి చాలు. రకం ముఖ్యం. అగ్రిఫౌండ్ లైట్ రెడ్, భీమా శక్తి, భీమా కిరణ్ వంటి రకాలు నిలవకు పేరు పొందినవి. వానాకాలంలో మిగిలిన విత్తనం పోసి నిలవ లేదని అనుకోవడంలో అర్థం లేదు. పాత విత్తనమూ పనికిరాదు, ఏడాది దాటితే ఉల్లి విత్తనంలో మొలక బాగా తగ్గుతుంది. అక్టోబరులో నారు పోసి, ఆరేడు వారాల నారును డిసెంబరు మొదట్లో జానెడు ఎడంగా సాళ్లు తీసి, సాలులో నాలుగు అంగుళాలకు ఒకటి చొప్పున, పైపైన నాటాలి.

ఇక్కడే మనవారి అలవాటు ఒకటి అడ్డు వస్తుంది. గడ్డ ఎంత పెద్దదయితే అంత గొప్ప అని యూరియా చల్లుతూనే ఉంటారు. చివికిన పశువుల ఎరువు ముందుగా వేసి, యూరియా వేయదలిస్తే నాటిన నెలన్నరలోపు ఆపివేయాలి. ఆలస్యంగా వేసిన యూరియాతో గడ్డ లావెక్కుతుంది, మెడ కూడా లావెక్కుతుంది. లావు మెడ ఆరదు, ఆరని మెడగుండానే కుళ్లు లోపలికి దిగుతుంది. నిలవకు కావలసింది సన్నని మెడతో, గట్టిగా ఉన్న మధ్యరకం గడ్డ.

మార్చి చివర, ఏప్రిల్‌లో ఆకులు తమంతట తామే వాలుతాయి. కాలితో తొక్కి పడవేయరాదు. పంట తీయడానికి పది, పదిహేను రోజుల ముందే నీరు కట్టివేయాలి. సగం మొక్కలు వాలగానే పెరకవచ్చు. నల్లరేగడి నేల అప్పటికి బిగుసుకుపోతుంది కనుక పక్కనుంచి చిన్నపారతో వదులుచేసి, గడ్డకు గాయం కాకుండా తీయాలి. తీసిన వెంటనే ఆకు కోయరాదు. ఒక వరుస ఆకు పక్క వరుస గడ్డను కప్పేలా పరిచి మూడు, నాలుగు రోజులు మడిలోనే ఉంచాలి. మన జిల్లా ఏప్రిల్ ఎండకు కప్పు లేని గడ్డ ఉడికిపోతుంది. ఆ తరువాత అంగుళం మెడ వదిలి ఆకు కోసి, చెట్టు కిందనో పందిరి కిందనో మరి పది, పన్నెండు రోజులు ఆరనివ్వాలి. పైపొర గలగలలాడాలి. తొందరపడి ఈ పది రోజులను తగ్గించుకున్నవారే ఆషాఢంలో కుళ్లు గంపలు పారబోస్తారు. జంట గడ్డలు, పూతకాడ వచ్చినవి, దెబ్బ తగిలినవి, గాలివానకు తడిసినవి నిలవలో కలపక ముందుగా కూరకు వాడుకోవాలి.

దాచడానికి గది ప్రత్యేకంగా అక్కరలేదు. గాలి ఆడే వసారాలో నాలుగు రాళ్ల మీద వెదురు తడిక పరిచి, జానెడు ఎత్తు మించకుండా పోస్తే చాలు. కొద్దిపాటి గడ్డలయితే ఆకు కోయకుండా జడలా అల్లి దూలానికి వేలాడదీయవచ్చు. వానాకాలంలో నాపరాయి బండ చెమ్మ పడుతుంది, ఆ బండ మీద నేరుగా పోయరాదు. ప్లాస్టిక్ సంచి అసలే వద్దు. ఫ్రిజ్‌లో పెడితే నిలుస్తుందని కొందరి నమ్మకం. ఉల్లి వెచ్చగా, పొడిగా ఉన్నచోట నిద్రపోతుంది. ఇంటి ఫ్రిజ్‌లోని చెమ్మకు మెత్తబడుతుంది, మొలక వేస్తుంది. పదిహేను రోజులకు ఒకసారి ఏరి, నల్లబూజు పట్టినవి, మొలకెత్తినవి తీసివేయాలి. ఈ మాత్రం శ్రద్ధ ఉంటే దసరా దాకా ఇంటి ఉల్లి ఉంటుంది, గట్టి గడ్డలు కొన్ని దీపావళినీ చూస్తాయి.

లోటల్లా విత్తనానిదే. కొట్లలో పెద్ద పొట్లాలు తప్ప 30, 50 గ్రాముల పొట్లాలు దొరకడం కష్టం. సెంటు నేలకు అరకిలో పొట్లం ఎవరు కొంటారు? ఉద్యానశాఖవారు నిలవ రకాల విత్తనాన్ని చిన్న పొట్లాలుగా కట్టించి రైతు సేవా కేంద్రాలలో సెప్టెంబరు ఆఖరుకల్లా ఉంచాలని కోరుతున్నాము. నారు ఆలస్యమైతే గడ్డ ఊరకముందే ఎండలు ముదురుతాయి. సంక్రాంతికి వచ్చే విత్తనంతో ఎవరికీ ఉపయోగం ఉండదు.