పూర్ హిస్టోరియన్

మా పెద్దమ్మ ఆస్పత్రి కాగితాలు రేషన్ కార్డుతో పాటు ఒక ప్లాస్టిక్ సంచిలో, ట్రంకు పెట్టె అడుగున ఉంటాయి. ఆదోని పక్క పల్లె ఆమెది. ముప్పై మూడేళ్ళకే గర్భసంచి తీసేశారు. అప్పుడు నేను ఐదో తరగతి. నా పీహెచ్‌డీ పూర్తయ్యాక ఒక సెలవుల్లో ఆ కాగితాలు తీసి నా చేత చదివించుకుంది. బాధలు రాసే చోట 'డబ్ల్యూడీపీవీ' అని నాలుగు అక్షరాలున్నాయి. తెల్లబట్ట అని దాని అర్థం. దాని కింద ఇంకో మాట, 'పూర్ హిస్టోరియన్'. తన జబ్బు చరిత్ర తాను సరిగా చెప్పుకోలేని రోగిని డాక్టర్లు అట్లా అంటారు.

"ఏం రాసినారు మే నా గురించి?"

"నీకు చెప్పడం చాతకాదని రాసినారు పెద్దమ్మా."

"యాడ అడిగినారు, చెప్పేకి?" అనేసి పశువులకు నీళ్ళు పెట్టడానికి పోయింది.

నడుం గుంజుతాండాదని, బిందె ఎత్తితే కడుపు జారినట్టు ఉంటాదని, మూడో కానుపు తర్వాత పదిహేను రోజులకే చేనికి పోయినానని ఆమె మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. తేదీలు చెప్పదు. పీర్ల పండగకు ముందు అనో, శనక్కాయ పీకేటప్పుడు అనో చెబుతుంది. చరిత్రంటే ఇంతకన్నా ఏముంటుంది? కలం పట్టుకున్నది డాక్టరు, రాయలేకపోయింది డాక్టరు, తప్పిన పరీక్ష మాత్రం పెద్దమ్మది. ఇంగ్లీషులో రాసిన అంగీకార పత్రం మీద ఆమె వేలిముద్ర ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆ మాటలే నేను పాఠంగా చెప్పవలసి వచ్చింది. కర్నూలులో ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో జీఎన్ఎం మొదటి సంవత్సరం పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి గంటల లెక్కన కుదిరాను. కోసిగి, ఆలూరు, పత్తికొండ నుంచి, కొందరు కడప వైపు జమ్మలమడుగు, మైదుకూరుల నుంచి వచ్చిన ఆడపిల్లలు. మిరపకాయల కోతకు గుంటూరు వలసపోయే తల్లుల బిడ్డలు వాళ్ళలో చాలామంది. తెలుగు మీడియంలో చదివి వచ్చి 'ఎపిస్టాక్సిస్', 'డిస్ప్నియా' అని తెలుగు లిపిలో రాసుకుని రాత్రంతా బట్టీ పట్టేవాళ్ళు. నేను దాన్ని వెక్కిరించను. ఆ మాటలు నోట్లో తిరిగితేనే వాళ్ళకు జీతం, ఆ జీతంతోనే చెల్లెలి చదువు.

అయితే మాటలతో పాటు ఏం నేర్పుతున్నామో కూడా చూడాలి కదా. గర్భం నిలవకుండా ముందే తెరుచుకునే గర్భాశయ ముఖం 'ఇన్‌కాంపిటెంట్', అంటే చేతకానిది. పదే పదే గర్భం పోతే 'హాబిచువల్ అబార్షన్'. "అలవాటంటే కాఫీ అలవాటు మాదిరా మేడమ్?" అని ఒకమ్మాయి అమాయకంగానే అడిగింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లికి 'బ్యాడ్ అబ్‌స్టెట్రిక్ హిస్టరీ'. ప్రసవం తేదీ పాత పరిభాషలో 'కన్‌ఫైన్‌మెంట్' తేదీ, నిర్బంధం అన్నమాట. హిస్టరెక్టమీ, హిస్టీరియా రెండూ గర్భాశయానికి గ్రీకులో ఉన్న ఒక్క మాట నుంచే పుట్టాయి. కొత్త పుస్తకాల్లో వీటిలో కొన్ని మారాయి గానీ కేస్ షీట్లలో, సీనియర్ల నోళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఈ మాటల్లో తప్పంతా ఆమె శరీరానిదే. పదిహేనో రోజుకే చేనికి పంపినవాళ్ళను పట్టుకునే పదం ఒక్కటీ సిలబస్‌లో లేదు.

ఈ పిల్లల్లో కొందరి కల బ్రిటన్. అక్కడ నర్సుగా నమోదు కావాలంటే ఐఈఎల్‌టీఎస్ గానీ ఓఈటీ గానీ గట్టెక్కాలి. ఓఈటీ వైద్యరంగం వాళ్ళ కోసమే పెట్టిన ఇంగ్లీషు పరీక్ష. అందులో మాట్లాడే భాగంలో ఒకరు రోగిగానో, రోగి బంధువుగానో నటిస్తారు. అభ్యర్థి ఆ మనిషి భయాన్ని గ్రహించిందా, మధ్యలో అడ్డుపడకుండా విన్నదా, అర్థమయ్యే మాటల్లో చెప్పిందా అని చూసి మార్కులేస్తారు. లండన్ ముసలామె భాష రాకపోతే ఆమె ప్రాణానికి ప్రమాదమని అక్కడ ఒప్పుకున్నారు. మరి కోసిగి ముసలామె ప్రాణం?

కర్నూలు మెడికల్ కాలేజీ 1956లో వచ్చింది. కడపలో రిమ్స్ 2006లో. రోగి మాట అర్థం కాలేదన్న కారణంతో ఒక్క డాక్టరైనా పరీక్ష తప్పినట్టు ఎవరైనా విన్నారా? 2019లో వచ్చిన ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళికలో ఫౌండేషన్ కోర్సు కింద స్థానిక భాషను చేర్చారు, కంప్యూటర్ నైపుణ్యాలతో కలిపి ఒకే గాటన కట్టి. తెలుగువాళ్ళేగా, వేరే నేర్పాలా అంటారు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ గడిపి వచ్చిన అబ్బాయికి 'బయట చేరడం', 'నీళ్ళు పోసుకోవడం' అంటే ఏమిటో తెలుసా? వార్డులో ఆ అనువాదం చేసేది సిస్టరో, ఆయానో. ఆ పనికి జీతం లేదు, కనీసం పేరు కూడా లేదు. ఇక లేబర్ రూముల్లో ధారాళంగా వినబడే తెలుగు ఏదంటే, తిట్లు.

కడపలో ఎర్రముక్కపల్లె దగ్గర బ్రౌన్ గ్రంథాలయానికి నా పరిశోధన కాలంలో చాలాసార్లు వెళ్ళాను. కంపెనీ 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టి తన ఉద్యోగులకు దేశభాషలు నేర్పింది, పరీక్షించింది. సి.పి. బ్రౌన్ అక్కడ తెలుగు నేర్చుకునే 1820లో కడపకు వచ్చాడు. పన్ను వసూలు చేయడానికి రైతు భాష కావాలని దొరలకు తెలిసింది. ఆడదాని కడుపు కోయడానికి ఆమె భాష అక్కర్లేదని మనం తేల్చుకున్నాం.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. సుమారు 9 శాతం. దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. దీనికి భాష ఒక్కటే కారణమని నేననను. డబ్బుంది, పేదరికముంది, సెలవు దొరకని కూలి ఉంది. కానీ 'తీయకపోతే క్యాన్సర్' అన్న ఒక్క మాట ముందు మా పెద్దమ్మకు ఎదురు ప్రశ్న వేసే వీలు లేకపోవడం భాష సంగతే. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'సవాలక్ష సందేహాలు' మనలో చాలామంది చదివాం, మన శరీరాల గురించి తెలుగులో మాట్లాడవచ్చని నమ్మాం. ఆ పుస్తకం ఒక్క నర్సింగ్ తరగతిలోనైనా పాఠంగా ఉందా?

నర్సింగ్ తెలుగులో చెప్పమంటున్నావా అని మిత్రులు అడుగుతారు. లేదు. మధ్యప్రదేశ్‌లో 2022లో హిందీ ఎంబీబీఎస్ పుస్తకాలు విడుదల చేసిన ఉత్సవం చూశాను, నాకు ఉత్సాహం రాలేదు. మాతృభాష గొప్పదనం మీద ఉపన్యాసాలిచ్చి సొంత పిల్లల్ని ఇంగ్లీషు బళ్ళకు పంపే పెద్దమనుషుల్ని విశ్వవిద్యాలయంలో దగ్గరగా ఎరుగుదును. దళిత, బహుజన ఆడపిల్లకు ఇంగ్లీషు ఇవ్వాలి, పూర్తిగా ఇవ్వాలి. నేనడిగేది రెండో వైపు పరీక్ష.

ఒకరోజు క్లాసులో దాన్ని ప్రయత్నించాను. సగంమంది తమ అమ్మో, అవ్వో చెప్పినట్టే బాధ చెప్పాలి, మిగతా సగం దాన్ని కేస్ షీట్‌లో ఇంగ్లీషులో రాయాలి, ఏదీ వదలకుండా. పత్తికొండ పిల్ల వాళ్ళమ్మ మాటలు చెబుతుంటే క్లాసు మొదట నవ్వింది. రాయడం మొదలుపెట్టాక నవ్వు ఆగింది. 'బిందె ఎత్తితే కడుపు జారినట్టు' దగ్గర అందరి పెన్నులూ నిలిచిపోయాయి. గంట కొట్టేసరికి ఏ కాగితమూ పూర్తి కాలేదు. సిలబస్ వెనకబడిందని యాజమాన్యం పిలిచి చెప్పింది. తర్వాతి టర్ముకు నన్ను పిలవలేదు.

ఆ కాగితాలు ముప్పై రెండు, నా దగ్గరే ఉన్నాయి. మెడికల్ కాలేజీల్లో పీజీ పరీక్షలకు వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లకు వాటిని ఇవ్వడానికి నేను సిద్ధం. కుర్చీలో పత్తికొండ నుంచి వచ్చిన ఒకామెను కూర్చోబెట్టండి, పది నిమిషాలు. మార్కులు ఆమెనే వేయనివ్వండి.