అప్‌లోడ్ లిమిట్ ఎంత పెట్టాలో నన్నడుగుతావేంటి?

2007, 2008 ప్రాంతాల్లో ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుని టొరెంట్లు వాడినవాళ్లకి ఒక చిన్న గడి గుర్తుండే ఉంటుంది. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్తే "గరిష్ఠ అప్‌లోడ్ వేగం" అని ఉంటుంది, పక్కన మనం నింపాల్సిన ఖాళీ. సున్నా అంటే హద్దు లేదని. అలా వదిలేశామో, ఇంట్లో ఇంకెవరికీ ఒక్క పేజీ కూడా తెరుచుకునేది కాదు. (టొరెంట్ అనగానే మీకు ముందు కొత్త సినిమాలే గుర్తొస్తే నేనేం చెయ్యలేను. నేను లినక్స్ ఐఎస్‌ఓల కోసం వాడేవాణ్ణి. ఎక్కువగా.)

మా ఇల్లు విజయనగరంలో, దాసన్నపేట వైపు. అప్పట్లో డేటావన్‌లో హోమ్ 500 అని ఒక ప్లాన్ ఉండేది, రాత్రి 2 నుంచి పొద్దున్న 8 దాకా ఎంత వాడుకున్నా లెక్కలోకి రాదు. దాంతో ఊరూరా కుర్రాళ్లందరూ రెండు గంటలకి షెడ్యూలర్ పెట్టి పడుకునేవాళ్లు. పొద్దున్నే ఆరున్నరకి న్యూజెర్సీ నుంచి అన్నయ్య స్కైప్ చేసేవాడు. అమ్మ స్పీకర్ దగ్గర చెవి పెట్టి, "ఏట్రా, ఆడి మాట ముక్కలు ముక్కలుగా వస్తంది? నూతిలోంచి మాటాడతన్నాడా?" అనేది. నేను గబగబా వెళ్లి టొరెంట్ ఆపేవాణ్ణి. అన్నయ్య పెట్టేశాక మళ్లీ మొదలెట్టడం మర్చిపోయేవాణ్ణి. ఎనిమిది అయిపోయేది. అదీ మన ఆటోమేటిక్ అప్‌లోడ్ మేనేజ్‌మెంటు!

అసలు మనం పంపేది ఎక్కువైతే మనకి వచ్చేది ఎందుకు ఆగిపోవాలి? చాలామంది ఇంజనీర్లు కూడా "బ్యాండ్‌విడ్త్ సరిపోలేదు" అని తేల్చేస్తారు. అది సగమే. విజయనగరం స్టేషన్లో ఒకటే కౌంటర్ తెరిచి ఉందనుకోండి. ఒకాయన రెండొందల మంది పెళ్లివారికి టిక్కెట్లు రాయించుకుంటున్నాడు. మీక్కావలసింది ఒక్క ప్లాట్‌ఫారం టిక్కెట్టు. కౌంటర్ ఆగలేదు, పని జరుగుతూనే ఉంది. కానీ మీ రైలు వెళ్లిపోయింది. మోడెమ్‌లో క్యూ కూడా అంతే. 256 కేబీపీఎస్ అప్‌లోడ్ లైను మీద మోడెమ్‌లో 64 కిలోబైట్ల బఫర్ నిండి ఉంటే అది ఖాళీ అవడానికి రెండు సెకన్లు పడుతుంది. అన్నయ్యకి వెళ్లాల్సిన అమ్మ మాట ఆ రెండు సెకన్ల వెనకాల నిలబడాలి. మనం దించుకుంటున్న పేజీ తాలూకు "అందింది" అనే చిన్న చిన్న రసీదులు కూడా ఆ క్యూలోనే. రసీదు అందనిదే అవతలి సర్వర్ తర్వాతి ముక్క పంపదు. అందుకే అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ చచ్చిపోయేది.

దీనికి అప్పట్లో అందరూ చెప్పిన మందు 80 శాతం సూత్రం. మీ అప్‌లోడ్ ఎంతో కొలిచి, అందులో 80 శాతం ఆ గడిలో పెట్టుకోండి అని. 256 అంటే సెకనుకి 32 కిలోబైట్లు, 80 శాతం అంటే పాతిక. బాగానే ఉంది. కానీ పక్క గదిలో తమ్ముడు ఫొటోలు మెయిల్ చేస్తుంటే పాతిక ఎక్కువే. ఇంట్లో అందరూ నిద్రపోతుంటే పాతిక తక్కువే. సరైన అంకె నిమిషనిమిషానికీ మారుతుంటుంది. అలాంటిదాన్ని మనిషినడిగి తెలుసుకోవడం ఏమిటండీ? ప్యాకెట్లు పంపేది ప్రోగ్రాము, అవి ఎప్పుడు చేరాయో చూడగలిగేది ప్రోగ్రాము, గడి నింపాల్సింది మాత్రం నేను! నా దృష్టిలో అది యూజర్‌కి ఇచ్చిన స్వేచ్ఛ కాదు. రాసినవాడు తన పని మన నెత్తిన పెట్టడమే.

పోనీ సున్నాకి దగ్గరగా పెట్టేద్దామంటే అదీ కుదరదు. టొరెంట్‌లో ఇచ్చేవాడికే ఎక్కువ వస్తుంది. ఈమ్యూల్ వాళ్లయితే ఇంకా మొహమాటం లేకుండా అప్‌లోడ్ 4 కిలోబైట్ల లోపు పెడితే డౌన్‌లోడ్ దానికి 3 రెట్లే, 10 లోపు పెడితే 4 రెట్లే అని కట్టేశారు.

ఈ పని తామే చేద్దామని ప్రయత్నించినవాళ్లూ ఉన్నారు. అజ్యూరియస్‌లో ఆటోస్పీడ్, ఈమ్యూల్‌లో అప్‌లోడ్ స్పీడ్ సెన్స్ ఉండేవి. రెండూ పింగ్ చూసుకుంటూ, అది పెరిగితే అప్‌లోడ్ తగ్గించి, దిగితే మళ్లీ పెంచేవి. ఆలోచన మంచిదే. కానీ పింగ్‌కి జవాబివ్వని నెట్‌వర్కులు బోలెడు. జవాబిచ్చినా, ఆలస్యమైంది మన క్యూలోనా అవతలివాడి క్యూలోనా తెలిసేది కాదు.

అసలు మార్పు మ్యూటొరెంట్‌తో వచ్చింది. 2008 చివర్లో వాళ్లు టీసీపీ వదిలేసి యూడీపీ మీద సొంత ప్రోటోకాల్ పరీక్షిస్తున్నారని తెలిసేసరికి, ఇక ఇంటర్నెట్ పని అయిపోయినట్టేనని పెద్ద గొడవ. కామ్‌కాస్ట్ టొరెంట్ కనెక్షన్లని మధ్యలో తెంచుతోందని 2007లో బయటపడి, 2008 ఆగస్టులో ఎఫ్‌సీసీ తప్పుపట్టిన రోజులవి (2010లో కోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసిందనుకోండి). ఇది కూడా దొంగదారే అని అందరి అనుమానం. 2010లో మ్యూటొరెంట్ 2.0తో అది అందరికీ వచ్చేసింది. జరిగింది మాత్రం పూర్తిగా తిరగబడి.

అది చేసేది ఇది. పంపేవాడు ప్రతి ప్యాకెట్ మీదా తన గడియారం టైము వేస్తాడు. అందుకున్నవాడు తన టైములోంచి దాన్ని తీసేసి, వచ్చిన తేడా వెనక్కి చెప్తాడు. రెండు గడియారాలూ కలవవు కదా అంటారేమో. కలవక్కర్లేదు! గత కొన్ని నిమిషాల్లో వచ్చిన అతి తక్కువ తేడాని ఖాళీ రోడ్డు అనుకుంటాడు. దాని మీద ఎంత పెరిగిందో అదే క్యూ. గడియారాల తప్పు రెండు వైపులా ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది. నాకు భలే నచ్చిన తీసివేత అది. క్యూ 100 మిల్లీసెకన్లకి దగ్గరపడుతుంటే మెల్లగా, దాటితే ఇంకా వెనక్కి తగ్గుతాడు. మామూలు టీసీపీ అలా కాదు. 1988లో వాన్ జాకబ్సన్ దిద్దినప్పటినుంచీ అది ప్యాకెట్ పడిపోయేదాకా తోస్తూనే ఉంటుంది. అంటే క్యూ పూర్తిగా నిండాకే దానికి బుద్ధొస్తుంది. అందుకే ఇద్దరూ ఒకే లైను మీద ఉంటే టొరెంటే ముందు పక్కకి జరుగుతుంది. ఇదే పద్ధతి 2012 డిసెంబరులో లెడ్‌బ్యాట్ అనే పేరుతో ఆర్‌ఎఫ్‌సీ 6817గా వచ్చింది.

ఇక 2022 సంగతి. సిరిమానుకి చుట్టాలందరూ ఇంటికొచ్చారు. మంగళవారం మూడు లాంతర్ల దగ్గర ఆ జనంలో నిలబడి తలో అరగంట వీడియో తీశారు. బుధవారం పొద్దున్న మా చెల్లెలి కూతురికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. పది నిమిషాలకే లోపలి నుంచి అరుపు: "మావయ్యా! నీ టొరెంట్ ఆపు ముందు!" మూల గదిలో నా పాత డబ్బా ఒకటి లినక్స్ సీడ్ చేస్తూ ఉంటుంది, ఇంట్లో అందరికీ దాని మీదే అనుమానం. పరిగెత్తి చూస్తే అది పంపుతున్నది దాదాపు సున్నా. ఎప్పుడో పక్కకి తప్పుకుని కూర్చుంది పాపం. అయినా ఆపేశాను, ఏం మారలేదు. పింగ్ కొడితే 1400 మిల్లీసెకన్లు. అయిదు ఫోన్లు ఒకేసారి సిరిమాను వీడియోలని క్లౌడ్‌లోకి తోస్తున్నాయి. వాటిలో ఉన్న ఆప్షన్ ఒకటే, "వైఫై ఉన్నప్పుడు మాత్రమే". వైఫై ఉంటే రోడ్డంతా నాదే అని అర్థం కాబోలు.

ఆ ఉద్యోగం రాలేదు. నెట్ వల్లే అని నేననను. అది మాత్రం ఇప్పటికీ అంటుంది.

నేను చెప్పొచ్చేదేంటంటే, సినిమా దొంగలదని పేరుపడ్డ సాఫ్ట్‌వేర్ 2010కే నేర్చుకున్న మర్యాద మనం రాసే బ్యాకప్పులకీ, సింకులకీ, అప్‌డేట్లకీ ఇంకా పూర్తిగా రాలేదు. రాదగినదే. మాక్ కెర్నెల్ సోర్సులో లెడ్‌బ్యాట్ ఉంది, విండోస్ సర్వర్ 2019లో ఉంది. బ్యాక్‌గ్రౌండ్‌లో పోవాల్సిన ఫైలుకి అది వాడాలా వద్దా అన్నది డిజైన్ మీటింగ్‌లో ఎవరో ఒకరు ఎత్తాల్సిన ప్రశ్న. మనలో ఎంతమందిమి ఎత్తాం? నేనూ ఎత్తలేదు లెండి. పదేళ్లు ఒక సింక్ ప్రాడక్ట్ మీద పని చేశాను, మేం చూసుకున్న గ్రాఫ్ ఒకటే, అప్‌లోడ్ ఎంత త్వరగా అయిందని.

దీన్ని రౌటర్‌లో పరిష్కరించాలి అనేవాళ్లున్నారు. వాళ్లతో చాలావరకు ఏకీభవిస్తాను. ఎఫ్‌క్యూ-కోడెల్ (2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290), ఆ ఏడాదే లినక్స్ 4.19లో చేరిన కేక్, ఇవి ఒక్కో కనెక్షన్‌కీ విడిగా క్యూ కడతాయి. ప్లాట్‌ఫారం టిక్కెట్టువాడు పెళ్లివారి వెనకాల నిలబడక్కర్లేదు. అయితే ఇందులో ఒక తమాషా ఉంది. రౌటర్ క్యూని కొన్ని మిల్లీసెకన్లకే కట్టేస్తే లెడ్‌బ్యాట్‌కి ఆలస్యం కనపడదు. రోడ్డు ఖాళీ అనుకుని మామూలు టీసీపీలాగే తన వాటా తను లాక్కుంటుంది. కాల్‌కి ఇబ్బంది లేదు గానీ, పక్కకి జరిగే గుణం పోతుంది.

మా ఇంట్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్ పెట్టి కేక్ వేశాను. సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఏం కనపడిందో ఊహించండి. "అప్‌లోడ్ వేగం ఎంత?" అని ఖాళీ గడి! పదిహేనేళ్ల తర్వాత మళ్లీ అదే. ఆలస్యం చూసుకుంటూ ఆ అంకెని మార్చే కేక్-ఆటోరేట్ అనే స్క్రిప్టు ఉంది, అది పింగ్ కొట్టి చూసుకుంటుంది, అచ్చం అజ్యూరియస్‌లాగే. దాన్ని వేసి వదిలేశాను, నడుస్తోంది.

మేనకోడలికి మాత్రం నమ్మకం లేదు. దానికి ఇంటర్వ్యూ ఉందంటే ముందురోజు రాత్రే ఇంట్లో ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించి, పొద్దున్న మా అమ్మ ఫోన్ కూడా తీసుకెళ్లి తన దగ్గర పెట్టుకుంటుంది.