వెబ్‌సైట్ పని బయటికి ఇవ్వండి, తాళాలు మాత్రం ఇవ్వకండి

ఫోన్ పిన్ అయితే ఫ్రెండ్‌కి కూడా చెప్పం. అదే కంపెనీ వెబ్‌సైట్ అనేసరికి పాస్‌వర్డ్‌లన్నీ బయటివాళ్ల చేతిలో పెట్టి హాయిగా కూర్చుంటాం. నేనూ అదే చేశాను, అందుకే ఇది రాస్తున్నా.

రివ్యూలు మొదలుపెట్టక ముందు హైదరాబాద్‌లో మొబైల్ యాక్సెసరీలు అమ్మే ఓ చిన్న కంపెనీలో పనిచేశాను. వెబ్‌సైట్ చూసుకోడానికి ఆఫీసులో ఉన్నది నేనొక్కణ్ణే. డిజైన్, కోడింగ్ అంతా ఓ ఏజెన్సీకి ఇచ్చాం. రెండేళ్లు బాగానే నడిచింది. ఓ శనివారం పొద్దున సైట్ ఓపెన్ కాలేదు. సర్వర్ ప్రాబ్లం అనుకున్నా. కాసేపటికి అకౌంట్స్ మేడమ్ వచ్చి "మెయిల్స్ కూడా రావట్లేదండీ" అన్నారు. అప్పుడు అర్థమైంది, డొమైన్ గడువు అయిపోయిందని.

అది అసలు మా పేరు మీదే లేదు. ఏజెన్సీలో ఎప్పుడో మానేసిన కుర్రాడి సొంత జీమెయిల్‌తో రిజిస్టరై ఉంది. రిమైండర్లన్నీ అతనికే పోయాయి. అతణ్ణి వెతికి పట్టుకుని రెన్యూ చేయించేసరికి మూడు రోజులు పట్టింది. ఆర్డర్లు పోయాయి. మా సర్ ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. డొమైన్ ఎవరి పేరు మీద పెడుతున్నారని మొదటిరోజే అడగాల్సింది నేనే కదా.

మేం త్వరగానే బయటపడ్డాం. గ్రేస్ టైమ్ దాటి డాట్ కామ్ డొమైన్ డిలీట్ అయిందంటే, వెనక్కి తెచ్చుకోడానికి 30 రోజుల రిడెంప్షన్ పీరియడే దిక్కు. అప్పుడు ఫీజు కూడా గట్టిగా వాయిస్తారు. అదీ దాటితే మన పేరు ఎవరైనా కొనేసుకోవచ్చు.

అలాగని అన్నీ ఆఫీసులోనే చేసుకోమంటే చిన్న కంపెనీకి కుదరదు. పేమెంట్ గేట్‌వే, సెక్యూరిటీ, స్పీడ్ లాంటివి తెలిసినవాళ్లకి ఇవ్వాల్సిందే. కానీ డొమైన్, హోస్టింగ్, అనలిటిక్స్ అకౌంట్లు కంపెనీవే అయి ఉండాలి. వాటికిచ్చే మెయిల్ కూడా అదే డొమైన్‌ది కాకుండా చూసుకోండి, డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది మరి. ఏజెన్సీకి వేరే లాగిన్ ఇచ్చి, పని అవ్వగానే తీసేయండి. ప్రొడక్ట్ వివరాలు మాత్రం మనమే రాసుకోవాలి. బయటి రైటర్ ఓసారి 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌ని 2,000 అని పెట్టాడు. మీలాంటివాళ్లు ఊరుకుంటారా, రివ్యూల్లో ఆడేసుకున్నారు.

ఇంట్లో టెక్ తెలిసింది మీరే అయితే, బాబాయి షాపు సైట్ కూడా ఎలాగూ మీ నెత్తినే పడుతుంది. డొమైన్ ఏ మెయిల్ మీద ఉందో ఈ రోజే అడగండి. మా బాబాయిని అడిగితే "ఏమోరా, సైట్ చేసిన అబ్బాయికే తెలియాలి" అన్నాడు.