మచ్చలేని మొహాలు

ఫోటోలు దిద్దుకునే అలవాటు మనిషికి కొత్త కళ్ళిస్తుందని ఈమధ్య ఒక మిత్రుడు నాతో వాదించాడు. వాదించాడు అనడం కంటే ప్రవచించాడు అనడం సబబు. "ఎడిటింగ్ మొదలుపెట్టాక లోకమే వేరుగా కనిపిస్తోంది గురూ! ఇన్నాళ్ళూ గుడ్డివాడిలా బతికాను" అన్నాడు. కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్ళ మొహాల్లో ఉండే వెలుగు అతని మొహంలోనూ ఉంది. నేను ఆ మతంలో దాదాపు ఇరవయ్యేళ్ళుగా ఉన్నవాణ్ణి, ఈపాటికి పూజారిత్వానికి అర్హత వచ్చే ఉంటుంది. అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే అది సగం మాటే. మిగతా సగం చెప్పాలనే ఈ టపా. కొందరు మిత్రులకు కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి.

ముందుగా ఒప్పుకోవలసినవి ఒప్పేసుకుంటాను. మిట్టమధ్యాహ్నం సున్నం వేసిన గోడమీద పడే నీడ నల్లగా ఉంటుందని నలభయ్యేళ్ళపాటు నమ్మాను. ఉండదు. నీలంగా ఉంటుంది. ఎండ తగలని ఆ చోటికి వెలుతురు ఆకాశంనుంచి వస్తుంది గనక ఆకాశపు రంగే దానికీ వస్తుంది. మన మెదడు ఆ నీలాన్ని చడీచప్పుడు లేకుండా తీసేసి మనకు తెల్లగోడనూ నల్లనీడనూ అప్పజెబుతుంది. కెమేరాకి ఆ మర్యాద తెలియదు. రావిచెట్టు కింద కూర్చున్న ముసలాయన తెల్లపంచె మీద ఆకుపచ్చ ఛాయ ఉంటుందనీ, ఎర్రచీర కట్టుకున్న పెళ్ళికూతురి గడ్డం కింద చీర ఎరుపు పాకుతుందనీ, పాత గుండ్రటి బల్బు కింద పెట్టిన పెరుగన్నం నారింజరంగులో ఉంటుందనీ నాకు నేర్పింది ఈ వ్యసనమే. గంటలతరబడి తెరముందు కూర్చుని తెలుపుని తెలుపు చెయ్యడానికి తంటాలు పడితే తప్ప, తెలుపనేది ఎక్కడా విడిగా ఉండదని నాకు బోధపడలేదు. ఇంతవరకూ మిత్రుడికి జయం.

అన్నిటికంటే పెద్ద పాఠం ఇంకొకటుంది. సినిమాల్లో రంగులు సరిచేసేవాళ్ళు వెక్టర్‌స్కోప్ అనే గుండ్రటి పటం ఒకటి వాడతారు. బొమ్మలో ఉన్న రంగులన్నీ దానిమీద చుక్కలుగా పడతాయి. అందులో మనిషి చర్మానికంటూ ఒక గీత ఉంటుంది, పసుపుకీ ఎరుపుకీ మధ్య. నార్వే మనిషైనా, నైజీరియా మనిషైనా, మన నల్గొండ మనిషైనా, మామూలు వెలుతురులో తీసిన ఫోటో అయితే చర్మం తాలూకు చుక్కలు ఆ గీతకి కాస్త అటూ ఇటూగా వచ్చి పడతాయి. పైన ఉండే మెలనిన్, లోపల పారే నెత్తురు అందరిలోనూ అవే కదా. తేడా ఉన్నదల్లా ముఖ్యంగా వెలుతురు పాళ్ళలోనే. పెళ్ళిచూపుల్లో, సినిమా పాటల్లో, అత్తగార్ల నోళ్ళలో మనం 'రంగు' అని చెప్పుకుంటున్నది నిజానికి రంగే కాదన్నమాట. ఇది తెలిసిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. ఇంత పెద్ద సంగతి ఇంత చిన్న గీతలో ఎలా ఇమిడిందా అని తెల్లవార్లూ ఆలోచించాను.

ఇంత జ్ఞానం సంపాదించి నేనేం చేశానో చెప్పమంటారా?

మా వరసకు అక్క ఒకావిడ కూతురి ఫోటో పంపి, "సంబంధాలవాళ్ళకివ్వాలి, కొంచెం రంగు తేల్చరా తమ్ముడూ" అంది. చర్మం నారింజ వర్ణంలో పడుతుందని నాకు తెలుసు కదా! నారింజకు మాత్రమే వెలుతురు పెంచే జారుడుమీట ఒకటుంటుంది. దాన్ని పాతికదాకా జరిపాను. పదిహేను క్షణాలు పట్టింది. చీర మారలేదు, గోడ మారలేదు, పిల్ల మాత్రం మారిపోయింది. అక్క సంతోషించింది. ఆ అమ్మాయే వారం తర్వాత ఫోన్ చేసి, "మావయ్యా, వాళ్ళు ఇంటికొచ్చి నన్ను చూస్తారు కదా, అప్పుడేం చేస్తాం?" అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది. "అదంతా లైటింగేనమ్మా" అన్నాను. ఇన్నేళ్ళ నా విద్యకు ఆ పూట దొరికిన సమాధానం అదొక్కటే.

2020లో ఫెయిర్ అండ్ లవ్లీ వాళ్ళు పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకున్నారు. మనం నవ్వుకున్నాం, పేరు మారిస్తే సరుకు మారుతుందా అని. నా జారుడుమీటకు మొదటినుంచీ 'తెలుపు' అనే పేరే లేదు, 'ల్యూమినెన్స్' అని ఉంటుంది. ఎంత గౌరవనీయమైన మాటో చూడండి! ఆ పేరు చాటున నేను ఎన్ని పెళ్ళి ఆల్బములలో ఎంతమంది ఆడపిల్లల చర్మాన్ని వాళ్ళకి తెలియకుండా సవరించానో లెక్కలేదు. డబ్బు తీసుకోలేదు, సరదాకే చేశాను. సరదాకి చేసిన పాపం తక్కువ తూగుతుందని నేననుకోను.

'ఇదేం కొత్తా' అనేవాళ్ళుంటారు. కొత్త కాదు. పాత స్టూడియోలలో నెగటివుని ఏటవాలు బల్లమీద వెనకనుంచి వెలుతురు పడేలా పెట్టుకుని, సూదిమొన లాంటి పెన్సిలుతో ముడతలు పూడ్చేవారు. ముడత నెగటివులో పలచటి గీతగా ఉంటుంది. అక్కడ పెన్సిలు పూస్తే ప్రింటులో ఆ చోటు తేటపడుతుంది. మేం చిన్నప్పుడు 'టచప్' అన్నది ఆ పనినే. కలర్ ఫోటోలు వచ్చాక ప్రింటింగు లాబుల రంగుల కొలతకోసం కొడాక్ పంపిన 'షర్లీ కార్డు' మీద దశాబ్దాలపాటు తెల్లమ్మాయి బొమ్మే ఉండేది. లోకంలోని చర్మాలన్నీ ఆమె చర్మం సరిగా వస్తే చాలన్నట్టు అచ్చయ్యాయి. రాజకీయాల్లోనయితే చెప్పనే అక్కర్లేదు. మాస్కో కాలవ ఒడ్డున స్టాలిన్ పక్కన నడుస్తూ ఫోటో దిగిన యెజోవ్‌ని 1940లో చంపేశారు. తర్వాత ఆ ఫోటోలో అతనున్న చోట నీళ్ళు మాత్రం మిగిలాయి.

ఆ ఫోటో గురించి చదివినప్పుడు నేను నియంతల దుర్మార్గం తలుచుకుని నిట్టూర్చాను. అప్పటికి నెలరోజుల కిందటే మా ఊరి కాలవగట్టు ఫోటో దిద్ది గోడకు తగిలించుకున్నాననీ, అందులో కరెంటు తీగలు, ప్లాస్టిక్ సంచులు, మోటారు పాక తీసేశాననీ గుర్తుకు రాలేదు. తీసేసినవాటిలో ఒక మనిషి కూడా ఉన్నాడు. రేవులో కూర్చుని బట్టలుతుకుతున్న పెద్దాయన. ఫ్రేము అంచున సగం తెగి, ఎర్ర తువ్వాలుతో కంటికి అడ్డొస్తున్నాడని తీసేశాను. ఊరినుంచి వచ్చిన బంధువు ఆ బొమ్మ చూసి "ఇదే సెలవరోజున తీశావు? రేవులో పెద్దాయన లేడే!" అన్నాడు. మా ఊళ్ళో పొద్దున్నే ఆయన లేని రేవు ఉండదు. నా చిన్నప్పుడు మా ఇంటి బట్టలూ ఆయనే ఉతికేవాడు. చిత్రం 'కుదరడం' కోసం పనిచేసుకునే మనిషిని ఊళ్ళోంచి పంపించేశాను. ఏ నియంతా నన్ను అడగలేదు. నాకు అధికారమిచ్చినవాడూ లేడు.

నేను మిత్రుడితో విభేదించేది ఇక్కడే. ఈ అలవాటు చూపుని పదును చేస్తుందంటాడతను. చేస్తుంది. కానీ ఆ పదును దేనికి తిరుగుతుంది? కొన్నాళ్ళకు మనం దృశ్యాన్ని చూడడం మానేసి దోషాల్ని చూస్తాం. గుడికెళితే గోపురం మీద ట్యూబులైటు, ఎదుటిమనిషి మాట్లాడుతుంటే అతని కంటికింద నలుపు, సూర్యాస్తమయాన సెల్ టవరు. చూసే ప్రతిదాంట్లోనూ తీసెయ్యవలసినదేమిటో ముందు కనిపిస్తుంది. ఇది కళాదృష్టి అని మనకు మనం చెప్పుకుంటాం. నాకిప్పుడది కూరల బజారులో వంకాయలేరే చూపులా అనిపిస్తోంది. వంకాయల విషయంలో అది మంచిదే, కాదనను.

పైగా మిత్రుడు చెప్పే ఆ సగం సత్యానికి కూడా రోజులు దగ్గరపడ్డాయి. చూపు నేర్పింది పరికరం కాదు, చాకిరీ. క్లోన్ స్టాంపుతో ఒక తీగ తియ్యాలంటే ఆ తీగకు రెండువైపులా ఆకాశం ఎలా మారుతోందో వేలెడు వేలెడుగా చూడవలసి వచ్చేది. 2002లో ఫోటోషాప్ 7లో హీలింగ్ బ్రష్ వచ్చింది, చూడవలసింది సగానికి తగ్గింది. 2010లో ఖాళీని చుట్టుపక్కల సరుకుతో దానంతటదే పూడ్చే ఉపాయం వచ్చింది. 2023నుంచి నోటిమాట టైపు చేస్తే లేని ఆకాశమే పుట్టుకొస్తోంది. ఇక ఫోన్ల సంగతి సరేసరి. మీట నొక్కీ నొక్కకముందే మొహాన్ని నునుపు చేసి ఇచ్చేవి బోలెడున్నాయి, మనం అడిగామా లేదా అన్న ప్రశ్నే లేదు. నీడలో నీలాన్ని ఇకముందు ఎవరు, ఏ అవసరం కొద్దీ చూస్తారు? నేర్పే చాకిరీ పోయింది. తీసేసే అలవాటు మాత్రం మిగిలింది, అదీ ఇంటింటికీ.

"మరి ఆన్సెల్ ఆడమ్స్ చెయ్యలేదా?" అని అడిగాడు మిత్రుడు. ఈ వాదంలో ఎవరైనా చివరకు ఆడమ్స్‌నే పట్టుకొస్తారు. చేశాడు. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే ఊరిమీద చంద్రోదయం తీసి, దశాబ్దాలపాటు ఆ నెగటివునే మళ్ళీ మళ్ళీ ప్రింటు వేస్తూ ఆకాశాన్ని నలుపుదనంలో ముంచుకుంటూ పోయాడు. కాని ఆ చిత్రం కిందిభాగంలో ఊరి శ్మశానంలోని శిలువలుంటాయి. చిన్నచిన్నవి, వంకరటింకరవి. వాటికి వెలుగు దక్కాలనే ఆయన అంత తాపత్రయపడ్డాడు. వెలుతురుని ఎక్కువతక్కువలు చెయ్యడం వేరు, ఉన్నదాన్ని లేకుండా చెయ్యడం వేరు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ వారు నిలువు అట్టమీద పట్టడం కోసం గీజా పిరమిడ్లను దగ్గరకు జరిపి ఎంత అప్రతిష్ఠ మూటగట్టుకున్నారో తెలిసిందే. 1994లో టైమ్ పత్రిక సింప్సన్ మొహాన్ని నల్లబరిచి అచ్చేసింది. అదే పోలీసు ఫోటోని అదే వారం న్యూస్‌వీక్ ఉన్నదున్నట్టు వేసింది గనక దొరికిపోయింది. అంటే వెలుతురు మీట కూడా అమాయకురాలేం కాదు. ఇప్పుడే గీసిన నా గీతని నేనే చెరుపుకుంటున్నానని మీరంటే, ఒప్పుకుంటాను. ఆకాశాన్ని నల్లబరచడమూ మనిషి మొహాన్ని నల్లబరచడమూ, తెల్లబరచడమూ, ఒకటి కావని మాత్రం అంటాను. ఆకాశం ఇంటికి ఫోన్ చేసి అప్పుడేం చేస్తామని అడగదు.

ఫ్రాన్సులో 2017 నుంచి, వ్యాపార ప్రకటనల్లో మోడళ్ళ శరీరాన్ని సన్నగానో లావుగానో మార్చిన ఫోటోకి 'దిద్దిన ఫోటో' అని రాసితీరాలి. మన పెళ్ళిసంబంధాల ఫోటోలకు అలాంటి చట్టం వస్తే, ఆ రాత ముందుగా అచ్చువేయించుకోవలసినవాణ్ణి నేనే.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మా అమ్మ ఫోటో వల్ల.

అమ్మ 2017లో పోయింది. పదకొండోరోజుకి దండవెయ్యడానికి పెద్ద ఫోటో కావాలన్నారు. ఒక పెళ్ళిలో తీసిన గుంపు ఫోటోలోంచి అమ్మ మొహం కత్తిరించి రాత్రంతా కూర్చుని దిద్దాను. వెనక షామియానా తీసి లేతనీలం తెర పెట్టాను. కళ్ళకింద చారలు తగ్గించాను. మచ్చలు, మరకలు బ్రష్షుతో ఒక్కొక్కటీ అద్దుకుంటూ పోయాను. దుఃఖంలో ఉన్న మనిషికి చేతినిండా పని ఎంత ఊరటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. తెల్లవారుజామున చూసుకుంటే అమ్మ చాలా ప్రశాంతంగా ఉంది. వచ్చినవాళ్ళంతా "ఎంత బాగుందిరా" అన్నారు.

పిన్ని మాత్రం ఫోటో ముందు చాలాసేపు కూర్చుని, "ఎవర్రా ఈవిడ?" అంది.

"అమ్మే కదా పిన్నీ."

"మా అక్కకి ఇక్కడ మచ్చుండాలి కదరా" అని తన ఎడమచెంప చూపించుకుంది. "అరిసెలు వేస్తుంటే నువ్వు పరిగెత్తుకొచ్చి మూకుడు తగిలావు. నిన్ను లాగబోయి తను మీద పోసుకుంది."

నాకా సంగతి తెలియక కాదు. నలభయ్యేళ్ళు ఆ మచ్చ ఉన్న మొహాన్నే అమ్మా అని పిలిచాను. ఆ రాత్రి మాత్రం తెరమీద అది చుట్టూ ఉన్నదానికంటే కాస్త వెలిసిన ఒక చోటు. బ్రష్షు పెట్టాను, పోయింది. ఎప్పుడు తీశానో కూడా గుర్తులేదు. కొత్త కళ్ళంటే అవీ!

అసలు ఫోటో ఏదని అడుగుతారేమో. దిద్దినదాన్ని దానిమీదే సేవ్ చేశాను. కెమేరా కార్డు ఎప్పుడో ఖాళీచేసి వాడేసుకున్నాం. ఆ పెళ్ళివాళ్ళ ఆల్బములో ఉంటుందని వెళ్ళి అడిగితే తెచ్చి చూపించారు. అందులో మొహాలన్నీ నున్నగా, ఒకే పిండితో చేసినట్టున్నాయి. స్టూడియో అబ్బాయి నాకంటే శ్రద్ధగా పనిచేశాడు.

చివరికి అమ్మ బ్యాంకు పాసుబుక్కులో అతికించిన చిన్న ఫోటో దొరికింది. దానిమీదుగా బ్యాంకువారి గుండ్రటి ఊదారంగు ముద్ర, ఎడమచెంపని ఒరుసుకుంటూ పోతోంది. స్కాన్ చేసి బాగా పెద్దది చేసి చూస్తే సిరా కింద మచ్చ ఆనవాలు తెలుస్తోంది. ఆ సిరా తియ్యడం నాకు రెండు నిమిషాల పని. ఏది సిరా, ఏది మచ్చ అన్నది సరిగ్గా తేల్చగలనన్న నమ్మకం లేక ముట్టుకోలేదు. అలాగే ప్రింటు వేయించి, పాతది దింపి అక్కడ తగిలించాను.

పిన్ని మొన్న సంక్రాంతికి వచ్చింది. దగ్గరకెళ్ళి చూసి, "అక్క మొహాన ఈ ముద్రేమిట్రా?" అంది.

"బ్యాంకుది పిన్నీ" అన్నాను.