సోఫా మరకకూ ఒక చదువుంది

నిజామాబాద్ జిల్లా కోటగిరిలో పెళ్లైన మర్నాడు ఫంక్షన్ హాల్ సోఫా మీద పసుపు మరక కనబడిందా, ఎవరో ఒకరు సబ్బు నీళ్లతో రుద్దేస్తారు. మరక పోదు సరికదా, ఎర్రగా మారుతుంది. పసుపులోని కర్క్యుమిన్‌కు క్షారం తగిలితే అంతే మరి. పసుపు మార్కెట్‌కు పేరుమోసిన ఈ జిల్లాకు ఈ సంగతి ఒకరు చెప్పాలా! సోఫాకు కుట్టిన చీటీ మీద ‘డబ్ల్యూ’ ఉంటే నీళ్లు వాడొచ్చు, ‘ఎస్’ ఉంటే సాల్వెంట్ మాత్రమే, ‘ఎక్స్’ ఉంటే వాక్యూమ్ తప్ప ఏదీ తగలకూడదు. ఊళ్లో వడ్రంగి చేసిన సోఫాకు చీటీ ఎక్కడిది? వెనకవైపు, కంటికి ఆనని చోట వాడబోయే ద్రావణం చుక్క వేసి, తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగుతుందో లేదో చూసేవాడే అసలు పనివాడు. అమెరికాలో 1972లో పుట్టిన ఐఐసీఆర్‌సీ అనే సంస్థ సోఫాలు శుభ్రం చేసే పనికి విడిగా పరీక్ష, సర్టిఫికెట్ పెట్టింది. మన దగ్గర 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో రజకులకూ చోటుంది. ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 వరకు. మంచిదే. కానీ బట్టల గుణం తరతరాలుగా ఎరిగిన చేతులకు సోఫా, కార్పెట్, కర్టెన్ల పని నేర్పడం ఏమంత కష్టం? అధికారులు ఆ పాఠాన్నీ, దానికో పరీక్షనూ ఈ శిక్షణలో చేర్చాలి.