లింకు కోస్తే చెయిను కొత్తదవుతుందా?

సోమవారం ప్రజావాణికి అర్జీలు పట్టుకుని హసన్‌పర్తి, ఎల్కతుర్తి, కమలాపూర్, పరకాల వైపుల నుంచి సుబేదారి కలెక్టరేటుకు వచ్చేవారిలో అనేకులది మోటారు సైకిలు ప్రయాణమే. ఆ బళ్ళలో చేతులు మారి వచ్చినవి తక్కువేమీ ఉండవు. పత్తి డబ్బు చేతికందినప్పుడో, పిల్లవాడు కాలేజీలో చేరినప్పుడో రైతు ఇంటికి సెకండ్‌హాండ్ బండి వస్తుంది. కొనేటప్పుడు ఇంజను చప్పుడు వింటారు, టైర్లు నొక్కి చూస్తారు, కాగితాలు తిరగేస్తారు. చెయిను కవరు విప్పించి చూసేవారు మాత్రం అరుదు. కొన్న నెల తిరక్కుండా జేబుకు చిల్లు పడేది అక్కడే.

అమ్మేవారికి ఈ సంగతి తెలియనిది కాదు. బేరానికి ముందు రోజు చెయిను బిగించి, పైన దట్టంగా ఆయిలు పూస్తే కొన్నాళ్ళు చప్పుడు బయటికి రాదు. ఆ తర్వాత గతుకుల్లో టకటకమని కవరుకు కొట్టుకోవడం, గేరు వేయగానే బండి కుదుపివ్వడం, ఎత్తు ఎక్కేటప్పుడు చెయిను పళ్ళ మీద నుంచి జారడం మొదలవుతాయి. కొన్నవాడు మెకానిక్కు దగ్గరికి పరుగెత్తుతాడు. ‘ఒక లింకు తీసేద్దాం, సరిపోతుంది’ అని జవాబు వస్తుంది. ఖర్చు తక్కువ గనుక ఆ మాట వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని అది వైద్యం కాదు, నొప్పి తెలియకుండా చేయడం మాత్రమే.

చెయిను సాగిందని అందరూ అంటారు గాని, ఇనుము రబ్బరులా సాగదు. ప్రతి లింకులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు ఉంటాయి. దుమ్ము, ఇసుక చేరి, నూనె ఆరిపోయి అవి ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుకవాసి అరుగుదలే అయినా, వందకు పైగా లింకుల్లో కలిసి అది వేలెడు పొడవవుతుంది. లింకు కోస్తే మొత్తం పొడవు తగ్గుతుందే తప్ప, మిగిలిన లింకుల మధ్య దూరం తగ్గదు. ఆ దూరం పళ్ళ చక్రం మీది పళ్ళ దూరంతో కలవక, చెయిను పంటి మొదట్లో కాకుండా కొనమీద కూర్చుంటుంది. పళ్ళు ఒకవైపు వంగి కొంకి తిరగడం అందువల్లనే.

చెయిను ఎంత అరిగిందీ తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. బడిపిల్లల సంచిలో ఉండే 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. మామూలు 100 సి.సి. బళ్ళకు వాడే చెయిను పక్కన సాధారణంగా 428 అని అచ్చు ఉంటుంది. అందులో మొదటి అంకె లింకు పొడవు: అంగుళంలో ఎనిమిదో వంతులు 4, అంటే అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. చెయినును బిగువుగా పట్టి 20 లింకులు, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు కొలిస్తే కొత్తదానికి 254 మిల్లీమీటర్లు, అంటే స్కేలు మీద 25.4 సెంటీమీటర్లు ఉండాలి. బుల్లెట్ వంటి పెద్ద బళ్ళ చెయినుకు లింకు 15.875 మిల్లీమీటర్లు. దానికి 16 లింకులు కొలిస్తే మళ్ళీ అదే 254 వస్తుంది. రెండున్నర మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే మార్చే రోజు దగ్గరపడినట్టు. అయిదు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే ఆ బండిని బేరం చేసేవారు కొత్త చెయిన్ సెట్టు ధర, కూలి కలిపి ధరలో తగ్గించమని నిలబడి అడగవచ్చు. అడగడంలో మొహమాటం ఎందుకు? గొడ్డును కొనేటప్పుడు పళ్ళు లెక్కపెట్టి చూసేవారు బండి పళ్ళు చూడటానికి సిగ్గుపడనక్కరలేదు.

ఈ రోలర్ చెయినుకు 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ పేటెంటు పొందాడు. ఆయన స్విట్జర్లాండులో పుట్టిన ఇంజనీరు. నూట నలభై ఏళ్ళు దాటినా ఆ పద్ధతి మారలేదు, దాని అరుగుదలా మారలేదు. రాజ్‌దూత్, యెజ్డి నడిపిన పాతతరానికి ఈ బాధ తెలిసిందే. పాత చేతక్ స్కూటరు వాడినవారికి మాత్రం ఇది కొత్త. దానికి చెయినే లేదు, చక్రం ఇంజను గేర్లతోనే తిరిగేది.

మార్చేటప్పుడు జరిగే రెండో పొరపాటు, చెయిను ఒక్కటే మార్చడం. ముందు చిన్న చక్రం, వెనుక పెద్ద చక్రం, చెయిను: ఈ మూడూ కలిసి అరుగుతాయి, కలిసే మారాలి. కొంకి తిరిగిన పాత పళ్ళ మీద కొత్త చెయిను వేస్తే దాని ఆయుష్షు సగానికి సగం పడిపోతుంది. చిన్న చక్రానికి 14 పళ్ళు, పెద్దదానికి 42 ఉన్నాయనుకుంటే, పెద్దది ఒక చుట్టు తిరిగేసరికి చిన్నది మూడు చుట్లు తిరుగుతుంది. అరుగుదల ముందుగా దానికే. అది కవరు చాటున ఉండటంవల్ల చాలామంది వదిలేసేదీ దాన్నే. కొత్త చక్రాలకు పాతవాటికి ఉన్నన్ని పళ్ళే ఉండాలి. మైలేజీ పెరుగుతుందని ముందు చక్రానికి ఒక పన్ను పెంచి వేయించుకునేవారు ఉన్నారు. సాఫు రోడ్డు మీద బాగానే ఉంటుంది. ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి బస్తా వేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ ప్లేట్లు కాలాక గాని అసలు సంగతి అర్థం కాదు.

వెనుక చక్రం ఎలాగూ విప్పుతారు గనుక డ్రమ్ములోని రబ్బర్లు, బేరింగులు అదే పూట చూడాలి. రబ్బర్లు పిండయితే కొత్త చెయిను కూడా కుదుపు ఆపలేదు. లాకు క్లిప్పు మూసి ఉన్న వైపు చెయిను కదిలే దిశకు ఉండాలి. తిరగేసి వేస్తే దారిలో ఊడుతుంది. వెనుక ఇరుసు రెండు వైపులా గీతలు సమంగా లేకపోతే చక్రం వంకరగా నిలబడి పళ్ళ పక్కలు కోసుకుపోతాయి. మరీ బిగించడమూ మంచిది కాదు. చిన్న బళ్ళకు మధ్యలో రెండు నుంచి మూడు సెంటీమీటర్ల ఆట ఉండాలి. పెద్ద బళ్ళకు కంపెనీ పుస్తకంలో ఉన్న కొలతే. చెయిను బిగించాక వెనుక బ్రేకు కూడా సరిచేయించుకోకపోతే దిగేటప్పుడు తెలుస్తుంది.

రెండేళ్ళకోసారి మేడారం జాతరకు, మధ్యమధ్య రామప్పకు, లక్నవరానికి ములుగు రోడ్డున ఇద్దరు ముగ్గురు ఎక్కి, సామాను కట్టుకుని బయలుదేరే బళ్ళను చూస్తే భయం వేయక మానదు. బరువుతో వేగంగా పోయే బండికి చెయిను తెగి వెనుక చక్రానికి చుట్టుకుంటే చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. ముందుకు విసిరితే ఇంజను కేసు పగులుతుంది. మరో దురలవాటు, ఇంజను నడుస్తుండగా గుడ్డతో చెయిను తుడవడం. చెయినుకు, పళ్ళకు మధ్య వేలు పడితే తెగిపోవడానికి క్షణం చాలు. ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ కిరసనాయిలుతో తుడిచి, ఆరాక 90 నంబరు గేరాయిలు లోపలి వైపు పూయాలి. ఇంజను నుంచి తీసిన నల్ల ఆయిలు ఊరికే వస్తుందని పూస్తుంటారు. అందులో ఇనుప రజను ఉంటుంది. ఊరికే వచ్చేది ఊరికే పోదు!

చట్టం చేసే సాయం ఇక్కడ కొంచెమే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, రాష్ట్రంలోపల చేతులు మారిన బండి సంగతి అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా అధికారులకు తెలపాలి. అది కాగితాల వరకే. సొంత మోటారు సైకిలుకు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది. దాన్ని పొడిగించేటప్పుడే బండిని పరీక్షిస్తారు. ఈలోగా ఎన్ని చేతులు మారినా చెయిను ఎవరూ చూడరు. జాతరకు ముందు ఐటిఐ విద్యార్థుల చేత కలెక్టరేటు దగ్గర ఒక సోమవారం చెయిన్లు కొలిపిస్తే పిల్లలకు పనీ వస్తుంది, అర్జీదారులకు మేలూ జరుగుతుంది. అధికారులు దీన్ని ఆలోచించాలి.

పట్టణంలోని మెకానిక్కులను తప్పుపట్టి లాభం లేదు. గిరాకీ అడిగిందే వారు చేస్తారు. అయితే రెండు పద్ధతులు పెట్టుకుంటే పేచీలు తగ్గుతాయి. డబ్బా మీది అక్షరాలు, సీలు చూపించి బిల్లుతో సహా సామాను అప్పగించాలి. విప్పిన పాత చెయినును, పాత చక్రాలు రెంటినీ యజమాని చేతికే ఇవ్వాలి. కొత్తదాని పక్కన పెట్టి పాతదాన్ని ఒకసారి కొలిచి చూసుకున్న రైతు మళ్ళీ లింకు కోయమని అడగడు.