మైల ఎవరిది?

ఊరి బాయి కాడ మా అవ్వ కుండ కింద పెట్టి ఎడంగ నిలబడేది. బొక్కెన ముట్టే హక్కు లేదు. ఎవరన్నా దయ తలిచి చేది పోస్తేనే కుండ నిండేది. మాదిగోళ్ల చెయ్యి తగిలితే నీళ్లు మైలపడతయన్నరు. 1927లో మహాద్‌లో అంబేద్కర్ వెంట మనవాళ్లు చవదార్ చెరువు నీళ్లు తాగితే, ఆ చెరువుల ఆవు పేడ, మూత్రం కలిపి కుండలకొద్దీ పోసి శుద్ధి చేసుకున్న దేశం ఇది. మరి వాగులకు ఫ్యాక్టరీల మురికి వదిలిన నాడు ఈ మడి ఏడికి పోయింది?

మాది పటాన్‌చెరు దాపున నక్కవాగు ఒడ్డున పల్లె, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. 1970లల్ల అక్కడ పారిశ్రామికవాడ వచ్చింది. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వచ్చినయి. వాగు రంగు మారింది, నురుగు కట్టింది. పొలాలు పాడుబడ్డయి. "నీళ్లు నాలికె మీద కొరుకుతున్నయి బిడ్డా" అనేది అవ్వ. కానీ అవ్వ నాలికె సాక్ష్యం కాదట. సీసా కావాలె, నంబరు కావాలె, ల్యాబు కావాలె.

ఆ సీసా పట్టే పనికే నేను కుదిరిన. కెమిస్ట్రీ చదివి 1990ల చివర ఒక సంస్థల దినకూలీ కింద చేరిన. పని నేర్చుకున్న. బోరు పైపుల నిలవున్న నీళ్లు ముందుగాల తోడి పారబొయ్యాలె. పీహెచ్, విద్యుత్ వాహకత నిలకడకు వచ్చినంకనే పట్టాలె. లోహాల పరీక్షకైతే సీసాల నైట్రిక్ యాసిడ్ కలపాలె. ఆవిరైపోయే రసాయనాల కోసమైతే గాలి బుడగ లేకుండ అంచుదాక నింపాలె. ఐసు పెట్టెల పెట్టాలె. చేతులు మారినప్పుడల్లా సంతకం పెట్టాలె. ఇవన్నీ నిక్కచ్చిగ చేసినా శాంపిల్ అబద్ధం చెప్పగలదు. ఎక్కడ పట్టాలెనో నిర్ణయించేటోడు తలుచుకుంటే చాలు.

ఒకనాడు మా ఊరికే పోయినం. సారు చేతిల నాలుగు చోట్ల లిస్టు ఉన్నది. సర్పంచి ఇల్లు, బడి, పంచాయతీ ఆఫీసు, పటేలు తోట. నాలుగూ మెరక మీదనే. భూమి లోపలి నీళ్లకూ వాలు ఉంటది. విషం ఆ వాలు వెంటనే దిగుతది. మా ఊళ్లె పల్లం ఎవరిది? వాగు పక్క మాదిగవాడది. పోల్చి చూసేటందుకు మెరక నీళ్లు కావాలె, నిజమే. మరి దేనితోటి పోలుస్తరు, పల్లం నీళ్లు పట్టకపోతే?

"సార్, వాడ బాయి రాయలేదు."

"అది తాగే బావి కాదయ్యా. రికార్డుల్లో లేదు."

"ట్యాంకర్ రాని నాడు తాగేది అదే సార్."

"ముందు ఉన్న పని కానియ్."

పటేలు తోటల బోరు కాడికి పోతే ముసలి పటేలమ్మ "నువ్వు ఆడ్నే ఉండు, మా పిలగాడు పట్టిస్తడు" అన్నది. కెమిస్ట్రీ చదివినా అది మాదిగ చెయ్యే! సాయంత్రం సారుకు చెప్పకుండ వాడ బాయిల సీసా దించిన. అక్కడ నన్ను ఎవ్వరూ ఆపలే. మంచినీళ్ల కాడ ముట్టొద్దు, విషం నీళ్ల కాడ ముట్టినా పర్వాలేదు. ఇదీ మన ఊర్ల కాలుష్య శాస్త్రం.

లిస్టుల నంబరు లేదని ల్యాబుల ఆ సీసా మూత తియ్యలే. ఊరి నీళ్లు పరిమితుల లోపలనే ఉన్నయని రిపోర్టు వచ్చింది. శాంపిల్ పట్టినోని సంతకం నాదే. కూలీ పోతదని నోరు మూసుకున్న. ఆ సంతకం ఇప్పటికీ నన్ను కాలుస్తది.

2009లో స్వీడన్ శాస్త్రజ్ఞులు అచ్చువేసిన పరిశోధనల, పటాన్‌చెరు చుట్టుపక్కల పల్లెల్లో పరీక్షించిన బావులన్నిట్లోనూ మందుల అవశేషాలు తేలినయి. అవ్వ నాలికె చెప్పింది నిజమే. ఆ మాట వినటానికి అవ్వ లేదు.

1974 నీటి కాలుష్య చట్టం 21వ సెక్షన్ చదవండి. ఫ్యాక్టరీ వదిలే నీళ్ల శాంపిల్ కోర్టుల నిలవాలంటే యజమానికి నోటీసు ఇయ్యాలె. తన ముంగట దాన్ని రెండు భాగాలు చేయించి, సీలు వేయించి, సంతకం పెట్టే హక్కు ఆయనకున్నది. వదిలినోనికి సంతకం ఉన్నది. తాగినోనికి ఏది?

విద్యార్థి మిత్రులారా, కార్యకర్తలారా, నీళ్లు పరీక్ష చేయించాలని ధర్నా చేస్తే సరిపోదు. ఏ బాయి, ఎవరి బాయి అని అడగండి. లిస్టుల మొదటి నంబరు వాడ బాయిది కావాలె. వాడ మనిషి ఎదుటనే సీసాకు సీలు పడాలె, ఆ మనిషి సంతకమో వేలిముద్రో దాని మీద ఉండాలె. ఫలితం తెలుగుల, వాడల, అందరి ముందర చదివి వినిపించాలె.

1985లో కారంచేడులో, మేం తాగే చెరువును ఎందుకు ఖరాబు చేస్తున్నరని అడిగిన పాపానికి మాదిగలను వేటాడి చంపిన్రు. ఆ ప్రశ్నకు ఇంకా జవాబు రాలే. మా చెయ్యి తగిలి ఏ నీళ్లూ చెడలే. చెడగొట్టినోళ్లెవరో చెప్పేటందుకు మా బాయి సిద్ధంగనే ఉన్నది. ముందు దానికొక నంబరు రాయండి.